వేలిముద్ర వేసినవాడిదే దస్తావేజు

మా నాన్నగారు ముప్పై ఏళ్లకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట, వేపచెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాశారు. పొలం అమ్ముకునేవాళ్లు, ఇల్లు తనఖా పెట్టేవాళ్లు, ఆస్తి పంచుకునే అన్నదమ్ములు వచ్చి ఆయన ముందు కూర్చుని తమ గోడంతా వెళ్లబోసుకునేవారు. ఆయన ఓపిగ్గా విని, అందులోంచి కావలసిన సంగతులు ఏరుకుని, ‘వ్రాసి ఇచ్చిన దస్తావేజు ఏమనగా’ అని మొదలుపెట్టి, హద్దులు, సొమ్ము, ఆ సొమ్ము ముట్టిన తీరు వరుసగా రాసేవారు. చదువురాని మనిషైతే చివర వేలిముద్ర వేసేవాడు. కింద ఇద్దరు సాక్షుల సంతకాలు, ఒక మూల చిన్న అక్షరాలతో మా నాన్నగారి పేరు ఉండేవి. ఆ భాష మా నాన్నగారిదే, చేతిరాతా ఆయనదే. అయినా ఆ కాగితం రాసినవాడిదని ఊళ్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. వేలిముద్ర వేసినవాడిదే ఆ మాట, రేపు తగవు వస్తే కోర్టు నిలదీసేదీ అతడినే.

ఆ వేపచెట్టు కింది బల్లను నాకు మళ్లీ మళ్లీ గుర్తుకు తెచ్చే పుస్తకం అమెరికాలో, కనెటికట్ రాష్ట్రంలోని న్యూ లండన్ అనే రేవు పట్టణంలో 1798లో అచ్చయింది. నలభై పేజీలు కూడా లేని చిన్న పుస్తకం. ఆఫ్రికాలో పుట్టి, పసితనంలోనే శత్రువుల చేత చిక్కి, బానిసగా అమ్ముడుపోయి, ముప్పై ఆరో ఏట తన్ను తాను కొనుక్కుని బయటపడిన వెంచర్ స్మిత్, డెబ్బయ్యో పడికి దగ్గరవుతున్న వయసులో చెప్పుకున్న జీవితకథ అది. అతను చెబుతుంటే ఎలైషా నైల్స్ అనే బడిపంతులు రాసుకున్నాడంటారు. ముఖపత్రం మీద మాత్రం ‘తానే చెప్పినది’ అని ఉంటుంది. పుస్తకం చివర స్టోనింగ్టన్ ఊరికి చెందిన ఐదుగురు తెల్లవారు ఈ మనిషిని తామెరుగుదుమని సంతకాలు పెట్టారు. చెప్పినవాడు, లేఖరి, సాక్షులు, ఆస్తి వివరాలు అన్నీ ఉన్న ఆ పుస్తకాన్ని మొదటిసారి మూసినప్పుడు ఇది మా నాన్నగారి చేతిలో తయారైన కాగితంలాగే ఉందనిపించింది. ఆ పోలిక ఎంత దూరం నిలబడుతుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతి. పుట్టినప్పుడు తండ్రి సాంగం ఫ్యూరో పెట్టిన పేరు బ్రోటీర్. పశ్చిమాఫ్రికాలోని అనోమాబు రేవులో ఓడ ఎక్కించినప్పుడు, ఓడ ఉద్యోగి రాబర్ట్‌సన్ మంఫర్డ్ నాలుగు గ్యాలన్ల రమ్ము, ఒక కాలికో గుడ్డ ఇచ్చి ఈ పిల్లవాణ్ణి తన సొంత పెట్టుబడిగా కొన్నాడు. సొంత వ్యాపారం మీద కొన్న సరుకు గనుక ‘వెంచర్’ అని పేరు పెట్టాడు. మన ఊళ్ల శివార్లలో పొలాన్ని ప్లాట్లుగా కోసి అమ్మేవాళ్లు బోర్డుల మీద రాసే మాట ఇదే. ఆ మాటను ఒక పిల్లవాడికి పేరుగా తగిలించారని తెలిసిన నాటి నుంచి ఆ బోర్డులను మునుపటిలా చూడలేకపోతున్నాను. ఆ ఓడలో 260 మందిని ఎక్కించారని, దారిలో మశూచి సోకి సుమారు 60 మంది పోయారని, బార్బడోస్ చేరేసరికి 200 మందే మిగిలారని, తనతో కలిపి నలుగురిని తప్ప అందరినీ అక్కడే అమ్మేశారని అతను చెప్పాడు.

ఆ గుడ్డ గురించి కూడా ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. కాలికో అన్న పేరు మన దేశపు కోళిక్కోడ్ నుంచి పుట్టింది. ఆ శతాబ్దంలో మచిలీపట్నం మొదలు దక్షిణాన నాగపట్నం దాకా కోరమాండల్ తీరంలో నేసిన నూలుబట్టలను యూరప్ కంపెనీలు కొని, లండన్‌లోనూ ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ వేలం వేస్తే, అందులో చాలా భాగం బానిసల వ్యాపారం కోసం పశ్చిమాఫ్రికాకు వెళ్లేది. ఆ తీరంలో నేసిన ముతక బట్టల్లో ఒక రకానికి ‘గినీ గుడ్డ’ అనే పేరే స్థిరపడిపోయింది. తమ ఉన్ని, పట్టు నేతగాళ్లను కాపాడుకోవడానికి ఇంగ్లండు 1721లో అద్దకపు కాలికోలు కట్టుకోవడాన్ని నిషేధించింది గాని, వాటిని ఇతర దేశాలకు తిరిగి ఎగుమతి చేయడానికి అడ్డు పెట్టలేదు. మా అమ్మ తరఫువాళ్లు నేతపనివాళ్లు. మనుషులను కొనడానికి మారకంగా పోయిన సరుకుల్లో మన తీరపు నేత కూడా ఉందన్న సంగతి, అట్లాంటిక్ బానిసత్వం మనకు సంబంధం లేని దూరపు కథ అనుకునే మనవాళ్లందరూ తెలుసుకోవాలని నా కోరిక.

ఇక నా మొదటి చదువు సంగతి. నిజం చెప్పాలంటే ఆ పుస్తకం నాకు నచ్చలేదు. అంతకుముందు ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసుకున్న ఆత్మకథ చదివి ఉన్నాను. అందులోని నిప్పు ఇందులో లేదు. ఎక్కడ చూసినా డబ్బే. ఎన్ని కార్డుల (కార్డు అంటే అక్కడి కట్టెల కొలత) కట్టెలు కొట్టాడు, ఎంత కూలి ముట్టింది, ఎవరు ఎంత ఎగ్గొట్టారు అన్న లెక్కలే. వెంచర్ పెద్దకొడుకు సాలమన్ తిమింగలాల వేటకు పోయే ఓడ ఎక్కి స్కర్వీ జబ్బుతో చనిపోతాడు. తండ్రి ఆ సంగతి చెప్పి, వాడి జీతం తనకు ఇప్పటికీ ముట్టలేదని, కొడుకు ప్రాణం పోవడమే కాక తనకు 75 పౌండ్ల నష్టం వచ్చిందని అంటాడు. ఆ వాక్యం దగ్గర పుస్తకం పక్కన పెట్టేశాను. కొడుకు చావును పౌండ్లలో చెప్పే తండ్రి మీద నాకు కోపం వచ్చింది.

ఆ కోపం ఎంత తెలివితక్కువదో మరోసారి చదివినప్పుడు అర్థమైంది. అర్థం చేయించినది ఒక ప్రోనోటు.

వెంచర్ మొదటి యజమాని దగ్గర ఉన్న రోజుల్లోనే దొరల బూట్లు తుడిచి, నీటి ఎలుకలను, మింకులనే బొచ్చు జంతువులను పట్టి, బంగాళాదుంపలు, క్యారెట్లు పండించి, రాత్రిపూట చేపలు పట్టి 21 పౌండ్లు కూడబెట్టాడు. తర్వాత స్టాంటన్ కుటుంబానికి అమ్ముడుపోయినప్పుడు ఆ సొమ్మును యజమాని సోదరుడు రాబర్ట్‌కు అప్పుగా ఇచ్చి నోటు రాయించుకున్నాడు. బానిస దగ్గర దొరగారు అప్పు తీసుకుని నోటు రాసిచ్చాడన్నమాట. ఆ నోటును వెంచర్ తన పెట్టెలో దాచుకున్నాడు. కొన్నాళ్లకు రాబర్ట్ ఆ పెట్టెను బద్దలుకొట్టి, తాను రాసిచ్చిన కాగితాన్ని తీసి నాశనం చేశాడు. అంతటితో అప్పు లేదు. ఏళ్ల తరబడి రాత్రుళ్లు నిద్ర మాని పట్టిన చేపలు, తవ్విన దుంపలు అన్నీ ఆ ఒక్క కాగితంతో పోయాయి. మా నాన్నగారి బల్ల దగ్గర పెరిగినవాణ్ణి గనుక, కాగితం పోవడమంటే ఏమిటో నాకు తెలుసు. నకలు కోసం కాళ్లరిగేలా తిరిగే ముసలివాళ్లను చూశాను. వాళ్లకు కనీసం నకలు దొరికే కార్యాలయం ఉంది.

అందువల్లనే రెండోసారి అతను జాగ్రత్తపడ్డాడు. చివరి యజమాని కర్నల్ ఆలివర్ స్మిత్, డబ్బు వాయిదాలలో చెల్లిస్తే వదిలేస్తానని ఒప్పుకున్నాడు. అయితే బానిస తానే యజమాని ఆస్తి కాబట్టి యజమాని రాసే హామీ పత్రాన్ని తన పేరున పుచ్చుకోవడం క్షేమం కాదు. స్వేచ్ఛ పొందిన మరో నల్లజాతి స్నేహితుడి పేరున ఆ పత్రం రాయించాడు. మన మాటలో చెప్పాలంటే తన విడుదలను తానే బినామీ పేరు మీద కొనుక్కోవలసి వచ్చింది. 71 పౌండ్ల 2 షిల్లింగులు చెల్లించి 1765లో బయటపడ్డాడు. ఆ తర్వాత పదేళ్లు కుటుంబాన్ని కొనడానికే సరిపోయాయి. కొడుకులు సాలమన్, కఫ్ ఒక్కొక్కరు 200 డాలర్లు, భార్య మెగ్ 40 పౌండ్లు, కూతురు హానా 44 పౌండ్లు. తన విడుదల సొమ్ము కూడబెట్టుకునే రోజుల్లో, ఆరు నెలల్లో 400 కార్డుల కట్టెలు కొట్టి పేర్చానని, 75 బుషెళ్ల ధాన్యం నూర్చానని, ఆ కాలంలో తన కూలిలోంచి 20 డాలర్లు మాత్రమే తీసుకున్నానని చెబుతాడు. రాత్రులు పొయ్యి పక్కన నేల మీద ఒక దుప్పటి కింద, ఒక దుప్పటి పైన వేసుకుని పడుకునేవాడు.

మెగ్‌ను కొనడానికి అంత తొందర ఎందుకు పడ్డాడో కూడా చెప్పాడు. అప్పుడామె గర్భవతి. కాన్పు అయ్యేదాకా ఆగితే మరో బిడ్డను కూడా విడిగా కొనవలసి వస్తుంది. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అన్న నియమాన్ని వర్జీనియా 1662లోనే చట్టంగా రాసుకుంది, మిగతా కాలనీలూ ఆచరణలో అదే దారిలో నడిచాయి. ఆ నియమం వల్ల కడుపులో బిడ్డ కదలడం కూడా తండ్రికి గడువు దగ్గరపడుతున్న అప్పులా వినిపించింది. ఇటువంటి మనిషి కొడుకు చావును పౌండ్లలో చెప్పాడని నొచ్చుకున్నాను నేను. సాలమన్‌కు 200 డాలర్లని ధర కట్టింది వెంచర్ కాదు. ఆ ధర కట్టినవాళ్ల ఖాతా పుస్తకాలు భద్రంగా ఉన్నాయి, ఆ ధర చెల్లించినవాడు తన ఖాతాను నోటితో చెప్పుకోవలసి వచ్చింది. అంకెలు రాక తాను చాలాసార్లు మోసపోయానని ఒప్పుకున్న అదే మనిషి, ముప్పై ఏళ్ల కిందటి షిల్లింగును కూడా మరిచిపోలేదు.

నా వాదన ఇది. బానిసత్వం గురించి మనకు రెండు రకాల కాగితాలు మిగిలాయి. యజమానుల చిట్టాలు, ఓడల పద్దులు, అమ్మకపు రసీదులు, పారిపోయినవారి కోసం వేసిన ప్రకటనలు ఒక రకం. ఆ బతుకు బతికినవాళ్లు చెప్పిన, రాసిన జీవితకథలు రెండో రకం. మొదటి రకాన్ని ఆధారమని, రెండో రకాన్ని కథ అని పిలవడం మనకు అలవాటైపోయింది. చిట్టా రాసినవాడికీ ఒక స్వార్థం ఉంది, అతడూ తనకు కావలసిన కథే చెబుతున్నాడు. మనిషి సరుకు అన్నది ఆ కథ మొత్తం. సందేహపడడం చరిత్రకారుడి ధర్మమే గాని ఆ సందేహాన్ని ఇద్దరి మీదా సమంగా చూపించాలి.

సమంగా చూపించలేదు. అమెరికా జనాభా లెక్కల వాళ్లు 1850లోనూ 1860లోనూ బానిసలకు వేరే పట్టికలు పెట్టారు. వాటిలో యజమాని పేరు ఉంటుంది, దాని కింద వరుసగా వయసు, ఆడా మగా, శరీరపు రంగు ఉంటాయి. పేరు రాయవలసిన గడి లేదు. 1860 నాటికి అలా నమోదైనవారు సుమారు 40 లక్షల మంది. 1870లో గాని వాళ్ల పేర్లు జనాభా లెక్కల్లోకి ఎక్కలేదు. తాతముత్తాతల కోసం వెతుక్కునే నల్లజాతి కుటుంబాలు ‘1870 గోడ’ అని చెప్పుకునేది దీన్నే. పేరు లేని ఆ పట్టిక అధికారిక పత్రం. అదే కాలంలో తన పేరు తాను చెప్పుకుంటూ రాసినవారి పుస్తకాలు మాత్రం నమ్మదగినవి కావని, బానిసత్వ నిర్మూలనవాదుల దిద్దుబాట్లతో నిండినవని యూ. బీ. ఫిలిప్స్ వంటి పేరున్న చరిత్రకారుడు 1929లో కూడా తోసిపుచ్చాడు. 1972లో జాన్ బ్లాసింగేమ్ ఆ కథనాల ఆధారంగానే బానిసల సమాజాన్ని చిత్రించేదాకా విశ్వవిద్యాలయాల్లో ఆ చిన్నచూపు గట్టిగానే సాగింది.

డగ్లస్ పుస్తకం మొదటి పేరాలోనే తన వయసు తనకు తెలియదని, అది రాసి ఉన్న పత్రాన్ని ఎన్నడూ చూడలేదని అంటాడు. గుర్రాలకు తమ వయసు ఎంత తెలుసో బానిసలకూ అంతే తెలుసునంటాడు. ఆ పత్రం ఉంది. మేరీలాండ్‌లో అతని మొదటి యజమాని ఏరన్ ఆంథనీ ఖాతా పుస్తకంలో, హ్యారియెట్ కొడుకు ఫ్రెడరిక్ అగస్టస్ 1818 ఫిబ్రవరిలో పుట్టాడని ఒక పద్దు ఉంది. పరిశోధకుడు డిక్సన్ ప్రెస్టన్ 1980లో దాన్ని లోకానికి చూపించాడు. డగ్లస్ 1895లో చనిపోయాడు, తాను 1817లో పుట్టి ఉంటానని అనుకుంటూనే. ఆ పద్దును చూసినవాళ్లు సాధారణంగా ‘చిట్టా వల్ల నిజం తెలిసింది’ అంటారు. తన పుట్టినరోజు మరొకరి ఆస్తి పుస్తకంలో బందీగా ఉందన్న నిజాన్ని 1845లోనే డగ్లస్ చెప్పాడు, చిట్టా చేసిందల్లా అతని మాటకు సాక్షి సంతకం పెట్టడం.

ఇక ఇలా తమ మాట తాము చెప్పుకున్నవాళ్లను అడిగిన రుజువుల సంగతి చెబితే మనసు చివుక్కుమంటుంది. ఫిలిస్ వీట్లీ కూడా వెంచర్ లాగే వ్యాపారపు పేరు మోసిన పిల్ల. 1761లో ఆమెను బోస్టన్‌కు తెచ్చిన ఓడ పేరే ఆమెకు పెట్టారు, పాలపళ్లు ఊడుతున్నాయి గనుక ఏడేళ్లు ఉండవచ్చని లెక్కగట్టారు. ఆమె కవితల పుస్తకం 1773లో లండన్‌లో వచ్చినప్పుడు, ఈ కవితలు ఆమే రాసిందని గవర్నరుతో సహా 18 మంది బోస్టన్ పెద్దలు సంతకాలు చేసిన ధ్రువపత్రం ముందు అచ్చువేయవలసి వచ్చింది. బానిసగా బతికిన మేరీ ప్రిన్స్ 1831లో లండన్‌లో తన కథ చెప్పాక, ఆమె వీపు మీద కొరడా మచ్చలు నిజంగా ఉన్నాయని చూసినవారి ఉత్తరాన్ని అనుబంధంగా చేర్చారు. ఆ రెండేళ్లకు, 1833లో బ్రిటిష్ పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేస్తూ యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరు చేసింది. యజమానుల జాబితాలకు డబ్బు వచ్చింది, విడుదలైనవారికి ఒక్క పెన్నీ కూడా రాలేదు. ఏ కాగితాన్ని లోకం నమ్మిందో చెప్పడానికి ఇంతకంటె ఏం కావాలి?

హ్యారియెట్ జేకబ్స్ సంగతి మరీ బాధాకరం. నార్త్ కెరొలైనాలో యజమాని వేధింపు నుంచి తప్పించుకుని, తొమ్మిది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు, నిలబడడానికి వీలు లేకుండా మూడు అడుగుల ఎత్తు ఉన్న అటక మీద దాదాపు ఏడేళ్లు దాక్కుని, ఆ కథను 1861లో మారుపేరుతో ప్రచురించింది. అది తెల్లజాతి సంపాదకురాలు అల్లిన నవల అని శతాబ్దానికి పైగా చాలామంది పండితులు అనుకున్నారు. జీన్ ఫేగన్ యెలిన్ పాత ఉత్తరాలు వెతికి, ప్రతి పాత్రకూ అసలు పేరు పట్టుకుని, 1987లో ఆ పుస్తకాన్ని జేకబ్స్ పేరుతోనే నిలబెట్టింది. ఇదే జేకబ్స్‌ను పట్టిస్తే 100 డాలర్లు ఇస్తానని యజమాని 1835లో పత్రికలో వేసిన ప్రకటన ఉంది. అలాంటి ప్రకటనలను చరిత్రకారులు మొదటి నుంచీ ఆధారాలుగానే వాడుకున్నారు.

నా వాదనకు గట్టి ఎదురుమాట ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. బానిసత్వం నుంచి బయటపడిన ఒలాడా ఎక్వియానో 1789లో ప్రచురించిన ఆత్మకథలో తాను ఆఫ్రికాలో పుట్టానని రాశాడు. 1759 నాటి వెస్ట్‌మినిస్టర్ చర్చి బాప్తిస్మపు పుస్తకంలోనూ, 1773 నాటి ఓడ హాజరు పట్టీలోనూ అతని జన్మస్థలం కెరొలైనా అని ఉందని విన్సెంట్ కారెట్టా అనే పండితుడు బయటపెట్టాడు. ఆ చర్చ ఇంకా తెగలేదు. చిట్టా ఒకటి చెప్పి, మనిషి మరొకటి చెబితే ఎవరిని నమ్మాలి? చర్చి పుస్తకాన్ని తీసిపారేయమని నేననను. అయితే బాప్తిస్మం నాడు అతను మరొకరి ఆస్తి, వయసు పన్నెండేళ్లని రాసుకున్నారు. ఆ గడిలో కెరొలైనా అన్న మాట ఎవరు చెబితే రాశారు అన్న ప్రశ్నను, ఎక్వియానో ఆఫ్రికా అని ఎందుకు రాశాడు అన్న ప్రశ్నతో పాటే, అంతే గట్టిగా అడగాలంటున్నాను. తన మాటను ఎవరూ నమ్మరని తెలిసే కాబోలు, 1766 నాటి తన విముక్తి పత్రాన్ని అక్షరం పొల్లుపోకుండా పుస్తకంలో అచ్చువేసుకున్నాడు. పెట్టె బద్దలుకొట్టి చింపడానికి వీలులేని చోట దాచుకున్నాడన్నమాట.

వెంచర్ పుస్తకం మీద ఉన్న సందేహమూ ఈ జాతిదే. రాసినవాడు తెల్లజాతి బడిపంతులు కదా, ఇందులో వెంచర్ ఎంత, పంతులు ఎంత అంటారు. ముందుమాటలో పంతులు గొంతు స్పష్టంగానే వినబడుతుంది. ఈ మనిషి ప్రకృతి స్థితిలో, కాదు బానిస స్థితిలో ఉన్న ఫ్రాంక్లిన్, వాషింగ్టన్ అని మెచ్చుకుంటాడు, కష్టపడితే పైకి రావచ్చన్న నీతి చూపించాలనుకుంటాడు. కాని లోపలి పేజీలు ఆ నీతికి లొంగవు. ముసలితనంలో ఒక హార్ట్ దొరగారి మొలాసిస్ పీపా నీళ్ల పాలైంది. పీపా వెంచర్‌ది కాదు, పడవా అతనిది కాదు, ప్రయాణికుడిగా అందులో ఉన్నాడంతే. అయినా దావా వేసి అతని చేత 10 పౌండ్లు కట్టించారు. ఇటువంటి పని తన పుట్టిన దేశంలో దారిదోపిడీతో సమానమైన నేరమవుతుందని, కాని హార్ట్ తెల్లదొర, తాను దిక్కులేని ఆఫ్రికావాడు గనుక ఇది సబబేనని, నల్లకుక్కకు ఇది చాలునని ఎత్తిపొడుస్తాడు. కష్టానికి ఫలం దక్కుతుందని చెప్పదలచుకున్న పంతులు ఈ మాటను తనంతట తాను పుట్టించడు. అది చెప్పినవాడి మాట. దస్తావేజులో లేఖరి భాష ఎంత ఉన్నా, హద్దులు చెప్పేది పొలం ఎరిగినవాడే.

ఉద్యోగం కోసం వచ్చి కనెటికట్‌లో స్థిరపడిన నాకు అతని సమాధి కారులో గంట దూరమని ఆలస్యంగా తెలిసింది. ఈస్ట్ హ్యాడమ్ ఊరి చర్చి శ్మశానంలో ఉంది. రాజు కొడుకైనా అపహరించి బానిసగా అమ్మారని, తన కష్టార్జితంతో స్వేచ్ఛను కొనుక్కున్నాడని, 1805 సెప్టెంబరు 19న 77వ ఏట చనిపోయాడని రాతి మీద చెక్కి ఉంది. నవంబరులో వెళ్లాను. తడి ఆకులు రాయికి అతుక్కుని ఉంటే చేత్తో తుడిచి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. డబ్బు అన్న మాట ఆ రాతి మీద కూడా ఉంది. ఈసారి నాకు అది ఎబ్బెట్టుగా అనిపించలేదు.

పక్కనే మెగ్ రాయి. ఆమె 1809లో పోయింది. ఆమె గురించి ఆలోచిస్తే నా పోలిక కొంత తడబడుతుంది. వెంచర్ ఖాతాలో ఆమె 40 పౌండ్ల పద్దు. ఒకనాడు యజమానురాలికీ మెగ్‌కూ గొడవ జరుగుతుంటే వెంచర్ పరిగెత్తుకొచ్చి, తప్పు లేకపోయినా గొడవ సద్దుమణగడానికి క్షమించమని అడగమని భార్యను బతిమాలుతాడు. యజమానురాలు కొరడా అందుకుని అతని మీదికి వస్తుంది. తలకు తగలబోయిన దెబ్బలను అతను చెయ్యెత్తి కాచుకుని, ఆ కొరడాను పొయ్యిలో వేసేస్తాడు. పుస్తకమంతటిలో నన్ను ఎక్కువగా కదిలించిన ఘట్టం అది. మెగ్ ఏమందో అందులో లేదు. దస్తావేజు చదివి వినిపించాక, వెనకాల నిలబడ్డ ఇల్లాలిని ముందుకు పిలిచి ‘మీరూ విన్నారు కదమ్మా’ అని అడగడం మా నాన్నగారి అలవాటు. పంతులు రాసుకుంటున్న 1798లో మెగ్ బతికే ఉంది. ఆమెను పిలిచి అడిగిన జాడ ఆ పుస్తకంలో లేదు.

చివరి పేజీలో వెంచర్ తనకు మిగిలినవి లెక్కపెట్టుకుంటాడు. నూరు ఎకరాలకు పైగా భూమి, మూడు ఇళ్లు ఉన్నాయి. వాటితో పాటు, ప్రేమించి పెళ్లాడి డబ్బు పెట్టి కొనుక్కున్న, తన పడుచు వయసునాటి భార్య మెగ్ ఇంకా బతికే ఉందని చెబుతాడు.